ఉన్న వ్యాపారాలు మూతపడకుండా చూడాలంటే యజమానులను ఎలా కలవాలి?

గళ్ళాపెట్టె:
చిన్న పట్టణం, దాదాపు 240 వ్యాపారాలు, కమిటీలో 12 మంది వలంటీర్లు. కొత్త కంపెనీల వెంట పడకుండా ఉన్నవాళ్ళను నిలబెట్టాలని ఆలోచన. గూగుల్ ఫారం పంపితే చాలా, మనుషులే వెళ్ళాలా? అందరినీ కలవాలా?

చిట్టా_ఆవర్జా:
ఫారం వద్దండీ. అందులో "బాగానే ఉంది" అని రాసేస్తారు. లీజు అయిపోతోందనీ, భాగస్వామి విడిపోతానంటున్నాడనీ ఎవరూ రాయరు. ఇద్దరేసి వెళ్ళండి, ఒకరు మాట్లాడాలి, రెండోవారు రాసుకోవాలి. ముందే ఫోన్ చేసి టైం తీసుకోండి, 45 నుంచి 60 నిమిషాలు చాలు. కలిసేది మేనేజరును కాదు, యజమానిని. అదే వ్యాపారంలో ఉన్నవాళ్ళనీ, వాళ్ళకు అప్పిచ్చిన బ్యాంకు మనిషినీ పంపితే నోరు విప్పరు.

240 మందినీ కలవక్కర్లేదు. ఆరు జంటలు, జంటకు ఐదు చొప్పున 30. సరుకు బయటి ఊళ్ళకు అమ్మేవాళ్ళు, ఎక్కువమందికి పని ఇచ్చేవాళ్ళు, ఏడాదిలో లీజు ముగిసేవాళ్ళు, వయసు పైబడిన యజమానులు ముందు.

"మీకేం కావాలి?" అని మొదలుపెట్టకండి. పన్ను తగ్గించాలి, పార్కింగ్ కావాలి, అక్కడితో ఆగిపోతుంది. మూడేళ్ళలో అమ్మకాలూ మనుషులూ పెరిగారా తగ్గారా, లీజు ఎప్పటిదాకా, బయటినుంచి తెప్పించే సరుకులో ఇక్కడే దొరికితే కొనేది ఏది, ఐదేళ్ళ తర్వాత ఈ కుర్చీలో ఎవరు అని అడగండి. అన్నిటికన్నా ఆ చివరి ప్రశ్నే ఎక్కువ బయటపెడుతుంది.

రెండో_కాపీ:
పైన చెప్పింది సరే, కానీ ఈ పని చెడేది యజమానులను కలిసేటప్పుడు కాదు, కలిశాక. ఆరు నెలలకు రిపోర్టు అచ్చేసి ఊరుకుంటే మరుసటేడు ఎవరూ టైం ఇవ్వరు. కాబట్టి జంటలు రాసుకొచ్చిన కాగితాలు చేతికి వచ్చిన రోజే ఇద్దరు చదవాలి. మూసేస్తాను, మారిపోతాను, అమ్మేస్తాను అన్న మాట కనిపిస్తే ఎర్రజెండా. 48 గంటల్లో ఫోన్ వెళ్ళాలి, "కనుక్కుని చెబుతాం" అని చెప్పడానికైనా సరే. వారంలో 30 కలిసి, జవాబివ్వడానికి ఒక్కరే ఉంటే వారానికి ఐదే కలవండి.

గోప్యత గురించి మొదటి నిమిషంలోనే చెప్పండి. పేర్లు తీసేస్తే చాలదు. ఊళ్ళో రెండే ప్రింటింగ్ ప్రెస్‌లుంటే "ప్రింటింగ్ రంగం" అని రాయడం పేరు రాసినట్టే.

నిచ్చెన:
ఎదుగుదల సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం లిటిల్‌టన్ పట్టణం 1980ల చివర్లో, పెద్ద కంపెనీ ఉద్యోగాలు తీసేశాక, బయటివాళ్ళకు రాయితీలిచ్చే దారి వదిలి, ఎదుగుతున్న సొంత వ్యాపారాలకు మార్కెట్ సమాచారం అందించింది. ఎవరు కొంటున్నారు, పోటీ ఎవరు, ఎక్కడున్నారు, ఈ వివరాలే. ఆ పద్ధతికి 'ఎకనమిక్ గార్డెనింగ్' అని పేరు. ఇది 10 నుంచి 99 మంది పనిచేసే సంస్థలకు బాగా నప్పుతుంది. ఒక్కరే నడిపే దుకాణానికి ఇది అక్కరకు రాదు, వాళ్ళకు లెక్కలు సరిచేసే మనిషి కావాలి.

ఇక కుర్చీ మార్పిడికి, అంటే వ్యాపారం మరో యజమాని చేతికి వెళ్ళడానికి, మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. ఖాతాలు శుభ్రంగా లేక, లీజు మరొకరి పేరుకు మారక, కస్టమర్ల నంబర్లన్నీ యజమాని సెల్‌ఫోన్లోనే ఉండి, మంచి వ్యాపారాలు కూడా అమ్ముడుపోవు. వ్యాపారాన్ని కొనేవాళ్ళు బయటే ఉండాలని లేదు. పాత ఉద్యోగులను అడిగారా?

గళ్ళాపెట్టె:
చాలా థ్యాంక్సండీ. 30లో సగం మంది "మనుషులు దొరకట్లేదు" అంటే?

చిట్టా_ఆవర్జా:
ఆ ఒక్క మాట కింద నాలుగు జబ్బులుంటాయి: జీతం తక్కువ, షిఫ్టు కుదరదు, రావడానికి బండి లేదు, పని రాదు. ఏ ఉద్యోగం, ఎన్ని వారాలుగా ఖాళీ, వచ్చినవాళ్ళు ఎందుకు మానేశారు అని అక్కడే అడిగి రాసుకోండి. పని రాకపోవడం అయితేనే శిక్షణ తరగతి పెట్టండి. మిగతా మూడింటికీ తరగతి పెడితే డబ్బు పోతుంది, ఖాళీ ఖాళీగానే ఉంటుంది.