స్థానిక వారసత్వాన్ని చూపే గోడశిల్పం: రాతిలో చెక్కించాలా, కాంక్రీటులో పోయించాలా?

వీధిచూపు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒక ఉద్యానవనం అంచున మట్టి జారకుండా కట్టిన పాత గోడ ఉంది. దాని పొడవు సుమారు 40 మీటర్లు, ఎత్తు 3 మీటర్ల లోపు. ఆ ప్రాంతంలో తరతరాలుగా సాగిన వృత్తులనూ, పాత కట్టడాలనూ, నీటి వనరులనూ చూపే ఉబ్బెత్తు శిల్పాన్ని ఆ గోడ మీద శాశ్వతంగా నిలపాలని నిర్ణయమైంది. రూపకల్పన చూసే బృందంలో నేనూ ఒకరిని. రాతిలో చెక్కిద్దామని కొందరు, కాంక్రీటులో అచ్చు పోయిద్దామని కొందరు పట్టుదలగా ఉన్నారు. రాతికి సమయమూ ఖర్చూ ఎక్కువని ఒకరంటే, కాంక్రీటు కొన్నేళ్ళకే పెచ్చులూడి కడ్డీలు బయటపడతాయని మరొకరు అంటున్నారు. దూరం నుంచి స్పష్టంగా కనబడాలంటే రంగులు వేయించక తప్పదన్న వాదన కూడా ఉంది. గోడ ఉత్తరముఖంగా ఉన్నందున ఏడాదిలో ఎక్కువ కాలం దాని మీద నేరుగా ఎండ పడదు. గోడలో అక్కడక్కడా నీరు కారే రంధ్రాలు ఉన్నాయి; అవి బొమ్మకు అడ్డు వస్తాయి కనుక మూసివేయవచ్చా అని కూడా అడుగుతున్నారు. ఈ పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఉలిదెబ్బ:

రాయి అని ఒక్క మాటలో అనేస్తే ప్రశ్న తేలదు. ఏ రాయి అన్నది ముందు చెప్పుకోవాలి. బంగాళాఖాతం తీరంలోనే ఉన్న రెండు చోట్లను పోల్చి చూడండి. మహాబలిపురంలో 7వ శతాబ్దంలో గ్రానైటు కొండరాతి మీద చెక్కిన పెద్ద శిల్పఫలకంలో ఏనుగుల తొండాల మడతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 13వ శతాబ్దపు కోణార్క ఆలయానికి ఎక్కువగా వాడినది ఖోండలైటు అనే రాయి. అది ఉలికి సులువుగా లొంగుతుంది కనుకనే అంత సన్నని పనితనం సాధ్యమైంది, కానీ ఉప్పుగాలికీ వానకూ పైపొర పొడిగా రాలిపోయి ఎన్నో ముఖాలు ఆనవాలు లేకుండా పోయాయి. గ్రానైటు కూడా ఉప్పుకు అతీతం కాదు: అదే మహాబలిపురంలో సముద్రానికి ఎదురుగా ఉన్న తీరాలయం మీది శిల్పాలు బాగా అరిగిపోయాయి. కనుక రాయిని ఎంచుకునే ముందు అక్కడి గాలిలోనూ నేలలోనూ ఉప్పు ఎంత ఉందో, ఆ గోడ ఎంతసేపు తడిగా ఉంటుందో చూడాలి.

ఇసుకరాయిని ఎంచుకుంటే మరో సంగతి ఉంది. అది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. గనిలో అది ఏ పొరల తీరులో పడుకుని ఉందో గోడలోనూ అదే తీరులో పెట్టాలి. చెక్కడానికి వీలుగా ఉందని పొర ముఖాన్ని బయటికి తిప్పి నిలబెడితే, కొన్ని వానాకాలాలు గడిచేసరికి పొర మొత్తం పలకగా ఊడివస్తుంది, దానితోపాటు బొమ్మ కూడా పోతుంది. సున్నపురాయి, పాలరాయి వాహనాల పొగ ఎక్కువగా ఉన్నచోట పనికిరావు. ఆమ్లం కలిసిన వాన వాటి పైపొరను జిప్సంగా మార్చి, వాన తగలని మూలల్లో నల్లటి పెచ్చు కట్టిస్తుంది.

అసలు మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఉత్తరముఖం. ఉబ్బెత్తు శిల్పాన్ని కంటికి చూపించేది నీడ. ఎండ ఏటవాలుగా పడే గోడ మీద 10 మిల్లీమీటర్ల లోతు కూడా చక్కగా పలుకుతుంది. నేరుగా ఎండ రాని గోడ మీద అంతే లోతు పెడితే, నాలుగడుగుల దూరం వెళ్ళేసరికి గోడ చదునుగా కనబడుతుంది. అలాంటి చోట 50, 60 మిల్లీమీటర్ల లోతుకు పోవాలి, అంచులను కొద్దిగా లోపలికి తొలచి నీడను అక్కడ పట్టి ఉంచాలి. రాతిలో ఇది సాధ్యమే, అయితే 40 మీటర్ల గోడ నిండా ఆ పని పెట్టుకోకండి. నాలుగైదు ఘట్టాలను ఎంచి లోతుగా చెక్కించి, మిగిలిన గోడను ఉలి గాట్లతోనే వదిలేయండి. ఆ ఖాళీ కూడా శిల్పంలో భాగమే.

అచ్చుపోత:

ఉలిదెబ్బ గారు వెలుతురు గురించి చెప్పినది కాంక్రీటుకు మరింత ఎక్కువగా వర్తిస్తుంది, ఎందుకంటే లోపలికి తొలచిన అంచును మేము గట్టి అచ్చులో పోయలేము. అచ్చు ఊడి రావాలంటే ప్రతి అంచూ బయటికి విచ్చుకున్నట్లు వాలుగా ఉండాలి. లేకపోతే అచ్చు తీసేటప్పుడు ముక్కులూ వేళ్ళూ విరిగి అచ్చులోనే ఉండిపోతాయి. సాగే రబ్బరు అచ్చు వాడితే కొద్దిపాటి తొలుపు వరకు వీలవుతుంది, అంతకు మించి కుదరదు.

అయితే ఎండ రాని గోడకు లోతు ఒక్కటే మార్గం కాదు. నార్వేలో వాస్తుశిల్పి ఎర్లింగ్ విక్షో అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటి ఉంది. ముందుగా అచ్చు నిండా ముదురురంగు కంకరను బిగించి నింపుతారు, ఆ సందుల్లోకి ఇసుక సిమెంటు ముద్దను ఒత్తిడితో పంపుతారు, అది గట్టిపడ్డాక బొమ్మ గీతల వెంట ఇసుకను వేగంగా చిమ్మి లేతరంగు పైపొరను తొలగిస్తారు. అప్పుడు లోపలి కంకర బయటపడి, లేత నేల మీద ముదురు గీతగా నిలుస్తుంది. కార్ల్ నేషర్ అనే నార్వే కళాకారుడు ఈ పద్ధతిలోనే పికాసో గీసిన బొమ్మలను ఓస్లోలోని ప్రభుత్వ భవనాల గోడల మీదికి తెచ్చాడు. లోతు కొన్ని మిల్లీమీటర్లే అయినా రంగుతేడా వల్ల బొమ్మ నీడ లేని రోజున కూడా చదవగలిగేటట్లు ఉంటుంది. మీ ప్రాంతపు రాతినే కంకరగా కొట్టించి వాడితే, వారసత్వం బొమ్మలోనే కాక గోడ ఒంటిలోనూ ఉన్నట్లవుతుంది. రంగులు వేయాలన్నవారికి నా సమాధానం ఇదే: పైన పూసిన రంగు పొరలుగా లేస్తుంది, రాతి రంగు లేవదు. ఇంకా రంగు కావాలంటే ఐరన్ ఆక్సైడు పొడులను కాంక్రీటులోనే కలపండి. అవి ఎండకు వెలవవు, కాని సిమెంటు బరువులో పది శాతం దాటకూడదు. దాటితే బలం తగ్గుతుందే గాని రంగు పెరగదు.

పెచ్చులూడటం గురించిన భయం న్యాయమైనదే, కాని దానికి కారణం తెలిసినదే కనుక నివారణ కూడా తెలిసినదే. కొత్త కాంక్రీటుకు క్షారగుణం చాలా ఎక్కువ, దాని పీహెచ్ 12 పైనే ఉంటుంది, ఆ స్థితిలో ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. ఆ మార్పు కడ్డీ దాకా చేరినప్పుడు తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి పైపొరను తన్నేస్తుంది. అందువల్ల కడ్డీ మీద కనీసం 40, 50 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కప్పి ఉండాలి. శిల్పాల విషయంలో తరచు జరిగే పొరపాటు ఏమిటంటే, ఆ కొలతను పలక పైముఖం నుంచి తీసుకోవడం. బొమ్మలో అన్నిటికంటే లోతైన గాడి ఎక్కడుందో అక్కడి నుంచి కొలవాలి. పైనుంచి 50 మిల్లీమీటర్లు ఉందనుకున్న చోట 35 మిల్లీమీటర్ల గాడి పడితే మిగిలేది 15 మాత్రమే. పెచ్చులు ముందుగా ఊడేది బొమ్మ కళ్ళ దగ్గర, నోటి దగ్గర కావడానికి ఇదే కారణం. స్టెయిన్‌లెస్ కడ్డీలు వాడినా, క్షారాన్ని తట్టుకునే గాజుపీచు కలిపిన పలుచని పలకలు పోసినా ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

నీటి రంధ్రాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి. వెనుక మట్టిలో చేరిన వాననీటికి బయటికి దారి అదే. దారి మూస్తే నీటి ఒత్తిడి గోడను ముందుకు తోస్తుంది, లేదా నీరు శిల్పం గుండానే ఊరుతూ ముఖం మీద తెల్లటి ఉప్పును పేరుస్తుంది. పలకలను పాత గోడకు నేరుగా అతికించకుండా, స్టెయిన్‌లెస్ కొక్కేలతో మధ్యలో ఖాళీ ఉంచి తగిలించండి, రంధ్రాల నీరు పలక వెనుకనే జారి కింద కాలువలో పడేటట్లు చూడండి. ఆ కొక్కేల బరువును పాత గోడ మోయగలదో లేదో ఒక నిర్మాణ ఇంజనీరు లెక్కగట్టాకే పని మొదలుపెట్టండి.

ఉలిదెబ్బ:

రంధ్రాల గురించి ఒక మాట కలుపుతాను. మహాబలిపురం ఫలకంలో గంగ ప్రవహించే చోటు కొండరాతిలో సహజంగా ఉన్న చీలిక. ఆనాటి శిల్పులు దాన్ని పూడ్చలేదు, కథకే నడిబొడ్డుగా చేసుకుని నాగులను అందులో నిలిపారు. మీ గోడశిల్పంలో నీటి వనరులు ఉన్నాయన్నారు కదా. పాత గోడ రంధ్రాలలో ఒకటి రెండింటిని పలకలోకి తెచ్చి, తూముగానో కాలువగానో మలచండి. వాన పడ్డ రోజున ఆ తూము నిజంగానే పారుతుంది.

పాతగోడ:

నేను పాత శిల్పాలకు మరమ్మతు చేసే వైపు నుంచి మాట్లాడతాను. సైమన్ రోడియా అనే సామాన్య కార్మికుడు లాస్ ఏంజెలస్‌లో 1921 నుంచి 1954 దాకా ఒంటిచేత్తో కట్టిన వాట్స్ టవర్లు ఇనుప కడ్డీలకు వల చుట్టి, సిమెంటు పూసి, గాజు పెంకులూ గవ్వలూ అద్దినవి. వాటిలో అన్నిటికంటే పొడవైనది 30 మీటర్ల ఎత్తు ఉంటుంది. 1959లో పదివేల పౌండ్ల బలంతో లాగి పరీక్షించినా అది చెక్కుచెదరలేదు. అంత గట్టి కట్టడానికి కూడా పగుళ్ళు పూడ్చే పని నేటికీ ముగియలేదు. ఎండకూ చలికీ సాగి ముడుచుకునే నిర్మాణం కదులుతూనే ఉంటుంది, పూడ్చిన పగులు పక్కన మరొకటి తెరుచుకుంటుంది. కనుక శాశ్వతం అన్న మాటను నిర్ణయ పత్రంలో రాసినప్పుడే, ఏటా ఎవరు చూస్తారు, ఆ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది అన్నవి కూడా అదే పత్రంలో రాయించండి. ఇది జరగని చోట ఎంత మంచి శిల్పమైనా దిక్కులేనిదవుతుంది.

శుభ్రం చేసే తీరు కూడా ముందే రాసిపెట్టాలి. నాచు పట్టిందని ఇనుప కుంచెతో రుద్దితే తెగిన ఇనుప పోగులు రాతిలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. యాసిడ్ పోస్తే సున్నపురాయీ కాంక్రీటూ రెండూ కరుగుతాయి. మెత్తని కుంచె, మంచినీరు, ఓపిక చాలు. మెరుపు కోసం నిగారింపు పూతలు పూయించమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. లోపల చేరిన తడి బయటికి రాలేక పూత వెనుక ఉప్పు గడ్డకట్టి పైముఖాన్ని ఊడదీస్తుంది. గోడ పైఅంచున మాత్రం రెండంగుళాలు ముందుకు వచ్చిన కప్పురాయి పెట్టించి, దాని అడుగున నీరు తెగిపడే గాడి తీయించండి. వాననీరు బొమ్మల ముఖాల మీదుగా కారకుండా ఆపే ఆ చిన్న గాడి విలువ ఏ పూతకూ లేదు.

పోసిన అచ్చులనూ, కాంక్రీటులో కలిపిన పాళ్ళనూ, రాయి తెచ్చిన గని వివరాన్నీ భద్రపరచడం మరవకండి. విరిగిన పలకను మళ్ళీ పోయాలంటే అవే ఆధారం.

నేలబొమ్మ:

పదార్థం గురించి పెద్దలు చెప్పారు కనుక బొమ్మల గురించి చెబుతాను. వారసత్వం పేరుతో ఎక్కడ చూసినా ఒక చక్రం, ఒక దీపం, చేతులు జోడించిన ఒక జంట కనిపిస్తున్నాయి. అవి ఏ ఊరి గోడ మీద పెట్టినా సరిపోతాయి, కాబట్టే ఏ ఊరికీ చెందవు. ఒక వృత్తిని చూపదలిస్తే ఆ పనిముట్టును కొలిచి గీయండి, పట్టుకున్న వేళ్ళు ఎక్కడ బిగుస్తాయో, మోకాలు ఎటు వంగుతుందో చూసి గీయండి. ఆ పని చేసినవారిలో బతికి ఉన్న పెద్దలకు మట్టి నమూనాను చూపించాకే చెక్కడం మొదలుపెట్టండి. తప్పుగా పట్టుకున్న పనిముట్టు రాతిలో తరాల పాటు అలాగే ఉండిపోతుంది, చూసిన ప్రతి పనివాడూ నొచ్చుకుంటాడు.

మరొక సూచన. వారసత్వం అంతటినీ గోడకే ఎక్కించనక్కరలేదు. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1992లో మొదలుపెట్టిన స్మారక రాళ్ళు చిన్న కాంక్రీటు దిమ్మెలు. ఒక్కొక్కటి సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుంది, పైన ఇత్తడి రేకు మీద నాజీల చేతిలో బలైన ఒక మనిషి పేరు ఉంటుంది. ఆ మనిషి తన ఇష్టంతో నివసించిన చివరి ఇంటి ముందు కాలిబాటలోనే దాన్ని పొదుగుతారు. 2023 నాటికి అవి లక్ష దాటాయి. వాటి బలమంతా సరైన చోట ఉండటంలోనే ఉంది. మీ ఉద్యానవనంలో కూడా పాత బావి ఉన్న చోట, పాత దారి మలుపు తిరిగిన చోట నేలలోనే గుర్తు పెట్టవచ్చు. అయితే నేల పనికి నున్నని రాయి వాడకండి. లిస్బన్ కాలిబాటల్లోని సున్నపురాతి బొమ్మలు ఎంత అందమైనవో, అడుగులకు అరిగి నున్నబడ్డాక తడిలో అంతగా జారతాయి. ఆ విద్య అంతరించిపోకూడదని అక్కడి నగరపాలక సంస్థ 1986లో రాళ్ళు పరిచేవారికి ప్రత్యేకంగా ఒక బడి పెట్టింది, అది మాత్రం అందరూ అనుసరించదగినది.

వీధిచూపు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ మాటలను బృందం ముందు పెట్టాను. ఉద్యానవనంలో కూర్చున్నవారి కంటికి దగ్గరగా ఉండే నాలుగు ఘట్టాలను గ్రానైటులో లోతుగా చెక్కించాలనీ, మిగిలిన గోడకు స్థానిక కంకర బయటపడేటట్లు పోసిన పలకలు తగిలించాలనీ చాలామంది అంగీకరించారు. రంధ్రాలు మూయాలన్న ప్రతిపాదనను విరమించుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది. నమూనా పలకను ఎంత పరిమాణంలో చేయించాలి, దాన్ని ఎక్కడ చూడాలి?

ఉలిదెబ్బ:

మీటరు చదరంగా, అసలు పనిలో వాడే రాతితోనే, అదే లోతుతో చేయించండి. దాన్ని కార్యాలయంలో దీపాల కింద చూడవద్దు. ఆ గోడకే ఆనించి, అసలు ఎత్తులో నిలిపి, పొద్దున ఒకసారి, మబ్బు పట్టిన మధ్యాహ్నం ఒకసారి, వీధిదీపాలు వెలిగాక ఒకసారి చూడండి. తరవాత బకెట్టు నీళ్ళు పైనుంచి పోసి ఎక్కడెక్కడ నిలుస్తున్నాయో గుర్తు పెట్టండి. నీరు నిలిచిన ప్రతి గుంటకూ కిందికి వాలు ఇచ్చాకే మిగతా పలకలకు అనుమతి ఇవ్వండి.