రెండేళ్లుగా క్రోషియా అల్లుతున్నాను, ఈమధ్య సూది పట్టుకోవాలంటేనే బరువుగా ఉంది

మియాపూర్ అమ్మ:

అందరికీ నమస్తే. బాబు పుట్టాక ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో యూట్యూబ్ చూసి, ఒకే కొక్కెం సూదితో అల్లే ఈ క్రోషియా నేర్చుకున్నాను. మొదటి నెలంతా గొలుసు కుట్టే. అదీ ఒక చోట బిగుసుకుపోయి, ఇంకో చోట వదులైపోయి, మెలికలు తిరిగిపోయేది. అయినా వాడు పడుకున్న ఆ గంటన్నర నాది అనిపించేది. ఎనిమిదో నెలలో వాడికో పసుపు టోపీ పూర్తి చేశాను. తలకు తొడిగితే చెవుల దాకా సరిగ్గా దిగింది. ఆ రోజు కలిగిన సంతోషం ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఇప్పుడు అల్మారాలో ఒక అర మొత్తం ఊలు ఉండలే. సగం అయిన శాలువా ఒకటి, చేతులు అతికించని చిన్న స్వెట్టర్ ఒకటి, ఇంకా అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది మా అక్క కూతురి దుప్పటి. నీలం రంగు. ముందు కొన్న ఆరు ఉండలు అయిపోతే అదే కంపెనీ, అదే రంగు నంబరు చూసుకుని మళ్లీ తెప్పించాను. రాత్రి ట్యూబ్‌లైట్ కింద అల్లేటప్పుడు తేడా ఏమీ తెలియలేదు. 31 వరుసలు అల్లాక ఒక పొద్దున బాల్కనీలో పరిచి చూస్తే గీత గీసినట్టు రెండు నీలాలు. మడిచి కవర్లో పెట్టేశాను, నాలుగు నెలలైంది. పాపకి అప్పుడే ఏడాది నిండింది.

మధ్యలో తెలిసినవాళ్లు అడిగారని ఒక చేతిసంచి అల్లి ఇచ్చాను. దారానికే 350 అయింది, పని 14 గంటలు పట్టింది, వాళ్లు ఇచ్చింది 500. అప్పటి నుంచి ఏది అల్లుతున్నా మనసులో లెక్క నడుస్తూనే ఉంటోంది. పైగా కుడి చేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. మా అత్తయ్య ప్రేమగానే, "ఎందుకమ్మా అంత కష్టం, బజార్లో మూడొందలకు దొరుకుతుందిగా" అంటారు. నా దగ్గర జవాబు ఉండదు.

మీకెవరికైనా ఇలా అయిందా? కొన్నాళ్లు మానేస్తే మళ్లీ ఇష్టం వస్తుందా, లేక మానేస్తే అంతేనా?

పాలకొల్లు వైపు:

చెల్లీ, ఆ 14 గంటల లెక్క దగ్గర ఆగిపోయాను. మాది పాలకొల్లు దగ్గర ఊరు. మా అమ్మ, పెద్దమ్మ, వీధిలో సగం మంది ఆడవాళ్లు లేసు అల్లినవాళ్లే. మా దగ్గర దాన్ని హాబీ అని ఎవరూ అనరు, లేసుపని అంటారు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లినవి లెక్క చూసుకుని పట్టుకెళ్లేవాడు. పూలు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. ఆఖరికి అది ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పరుస్తారో అల్లినవాళ్లకు తెలిసేదే కాదు. వంట, భోజనాలు అయ్యాక అమ్మ అరుగు మీద కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేచేది. మాతో మాట్లాడుతూనే ఉండేది, వీధిలోకి చూస్తూనే ఉండేది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. తెల్లటి సన్న నూలు దారం, అగ్గిపుల్ల కంటే సన్నటి స్టీలు సూది. దారం ఒరిసి ఒరిసి అమ్మ ఎడమ చూపుడు వేలి మీద ఒక గాడి పడిపోయింది. ఇప్పటికీ ఆ వేలు పట్టుకుంటే చేతికి తగులుతుంది.

నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లకు ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీల వల్ల వచ్చింది. నర్సాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పనే అనే ముద్ర, వచ్చినప్పుడు ఆ వార్త అమ్మకు చదివి వినిపించాను. చాలా సంతోషపడింది. ఆ వెంటనే, "మరి పూవుకి రేటు పెంచుతారా?" అని అడిగింది.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. 500లో దారం ఖర్చు తీసేస్తే నీకు మిగిలింది 150, అంటే గంటకు 11 రూపాయలు కూడా పడలేదు. ఆ రేటుకి ఇంకెప్పుడూ ఒప్పుకోకు. మనం సరదాకని తక్కువకు ఇస్తూ పోతే, దీని మీదే ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు కూలి అడిగినప్పుడు "ఫలానావిడ ఐదొందలకే ఇస్తోంది" అనే మాట వాళ్లు పడాలి. ఇష్టమైన మనిషికి ఊరికే ఇచ్చెయ్, తప్పులేదు. అమ్మాలనుకుంటే మాత్రం గంటకు ఇంత అని కట్టి అమ్ము.

మీ అత్తగారి మాటకు కూడా జవాబు ఉంది. స్వెట్టర్లు అల్లే యంత్రాలున్నాయి కానీ క్రోషియాను అచ్చంగా చేతి అల్లికలా అల్లే యంత్రం లేదు. బజార్లో మూడొందలకు దొరికేది నిజమైన క్రోషియా అయితే అది కూడా ఎక్కడో ఒకావిడ కూర్చుని చేత్తో అల్లిందే. అంత తక్కువకు ఎలా వస్తోందో అర్థమవుతుంది కదా. ఆవిడకు ఎదురు చెప్పినట్టు కాకుండా, నెమ్మదిగా కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు. వింటారు.

మంచుదేశం:

నేను కెనడాలో ఉంటాను, ఎడ్మంటన్. నాది క్రోషియా కాదు, రెండు సూదుల అల్లిక. ఇక్కడ చలికాలం మైనస్ 30 కూడా చూస్తాం కాబట్టి, అల్లింది వాడకుండా మూలపడుతుందనే బాధ నాకు లేదు. హైదరాబాద్‌లో రెండు నెలల చలికి ఊలు అల్లడమంటే ఎవరికైనా ఉత్సాహం తగ్గుతుంది, మీరు నూలు దారానికి మారి చూడండి. సంచులు, టేబుల్ మీద పరిచేవి, పిల్లల గౌన్లు... ఏడాది పొడుగునా పనికొస్తాయి, పిల్లలకు గుచ్చుకోదు కూడా.

నిరుత్సాహం గురించి అడిగారు కాబట్టి నాది చెబుతాను. నాన్నగారు మొదటిసారి ఇక్కడికి వస్తున్నారని ఆయనకో స్వెట్టర్ మొదలుపెట్టాను. పద్ధతిగా ముందు చిన్న ముక్క అల్లి కొలిచాను, అంగుళానికి 5 కుట్లు. చుట్టూ 200 కుట్లు వేస్తే 40 అంగుళాలు, ఆయన ఛాతీ 38, సరిగ్గా సరిపోతుంది. ఆ ముక్క సెలవుల్లో తీరిగ్గా అల్లాను. స్వెట్టర్ మాత్రం మా ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్న నెలల్లో, రోజూ రాత్రి, రేపు నా పేరు వస్తుందేమోనని అనుకుంటూ అల్లాను. నాన్న వచ్చి వేసుకోబోతే చంకల దగ్గరే పట్టేసింది. కొలిస్తే అంగుళానికి ఐదున్నర. అరకుట్టు తేడా, అంతే, 200 కుట్లు 36 అంగుళాల చిల్లరకి కుంచించుకుపోయాయి. అల్లికలో దారం బిగువును టెన్షన్ అనే అంటారు, ఆ మాట అప్పుడు నిజంగా అర్థమైంది. నాలో ఉన్నదంతా దారంలోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు దాని ముఖం చూడలేదు. మూడో రోజు నాన్నే, "విప్పేద్దాం, నేను పట్టుకుంటా" అని సోఫాలో కూర్చుని రెండు చేతులూ చాపారు. నేను విప్పుతుంటే దారం ఆయన చేతుల చుట్టూ చుట్టుకుంటూ పోయింది. సేమ్యాలా ముడతలు పడిపోయిన ఊలు. దాన్ని చిలపగా, అంటే వదులు చుట్టగా చుట్టి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీళ్లు ఓడ్చి, స్నానాల గదిలో వేలాడదీస్తే మర్నాటికి మళ్లీ సాపుగా అయింది. ఒక సైజు పెద్ద సూదులతో మొదలుపెట్టాను. ఆయన ఇండియా వెళ్లేలోపు పూర్తవలేదు, తర్వాత పంపించాను. కానీ నాకు ఆ స్వెట్టర్ కంటే ఆయన చేతులు చాపుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నమే ఎక్కువ గుర్తు.

వదిలేసినదాన్ని:

నేను పూర్తిగా మానేశాను, మూడేళ్లయింది. ఉన్న దారమంతా మా కాలనీలో కుట్టుపని నేర్పే ఆవిడకు ఇచ్చేశాను. ఇప్పుడు పొద్దున్నే మొక్కల పని చేసుకుంటున్నాను, హాయిగా ఉంది. అందరూ "మళ్లీ ఇష్టం వస్తుంది" అంటారు, నాకు రాలేదు, అందుకు బాధా లేదు. ఒక్కటి మాత్రం చేయండి, ఇచ్చేసే ముందు ఆ పసుపు టోపీ పక్కన తీసి దాచుకోండి. నేను నా మొదటిది కూడా ఆ సంచిలోనే ఇచ్చేశాను.

పాత సూదులు:

అమ్మా, నేను రైల్వేలో రిటైరయ్యాను, విశాఖలో ఉంటాను. ఉద్యోగంలో ఏడేళ్లు అంబాలాలో ఉన్నాం. అక్కడ చలికాలం ఆడవాళ్లంతా ఎండలో మంచాలు వేసుకుని స్వెట్టర్లు అల్లుతూ కూర్చునేవారు. మా ఆవిడ పక్కింటావిడ దగ్గర నేర్చుకుంటుంటే చూసి నేనూ నేర్చుకున్నాను. మగవాడికెందుకని అన్నవాళ్లున్నారు, నేనైతే పట్టించుకోలేదు. మా పిల్లలిద్దరూ నేను అల్లిన స్వెట్టర్లతోనే బడికి వెళ్లారు.

ముందు నొప్పి సంగతి. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నేను ఓర్చుకుంటూ అల్లి ఆరు నెలలు గ్లాసు కూడా పట్టుకోలేని స్థితి తెచ్చుకున్నాను. ఇరవై నిమిషాలకోసారి సూది కింద పెట్టి లేవాలి, ఫోన్లో అలారం పెట్టుకోండి. సన్నటి స్టీలు సూదిని అదిమి పట్టుకోవడం వల్లే బొటనవేలి మీద భారం పడుతుంది, రబ్బరు పిడి ఉన్న లావుపాటిది వాడి చూడండి. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారా, చాకు పట్టుకున్నట్టా? ఇప్పుడు ఏది అలవాటో చూసుకుని, ఆ రెంటిలో మరోది ప్రయత్నించండి. పసిపిల్లాణ్ణి ఎత్తుకునే తల్లులకు అక్కడే నొప్పి రావడం మామూలు, కాబట్టి తప్పంతా అల్లికదే కాకపోవచ్చు. వారం ఆపినా తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, డాక్టరుకు చూపించండి.

దుప్పటి గురించి. రంగు నంబరు ఒకటే అయినా లాట్ నంబరు వేరైతే రంగు తేడా వస్తుంది, ఒక్కో విడత అద్దకం ఒక్కోలా పడుతుంది. ఉండ మీది కాగితంలో రంగు నంబరు పక్కనే ఉంటుంది చూడండి. పెద్ద పనికి అన్నీ ఒకే లాట్‌వి, ఒకటి అదనంగా కొనుక్కోవాలి. జరిగిపోయినదానికీ మార్గం ఉంది. ఆ 31 వరుసలు విప్పండి, ఇంకా కొంచెం కిందికి, పాత నీలంలోకి కూడా దిగండి. అక్కడి నుంచి రెండు వరుసలు పాత ఉండతో, రెండు వరుసలు కొత్త ఉండతో అల్లుతూ రండి. పాతది అయిపోయేసరికి కన్ను కొత్త రంగుకు అలవాటు పడుతుంది, గీత కనబడదు. దారం తెంపక్కర్లేదు, అంచు వెంబడే పైకి తెచ్చుకోవచ్చు.

మీది క్రోషియా కావడం అదృష్టం. మా సూదుల అల్లికలో 120 కుట్లు ఒకేసారి సూది మీద తెరిచే ఉంటాయి, సూది జారితే అన్నీ జారతాయి. మా చిన్నవాడు ఒకసారి సూది లాగి కత్తి ఆట ఆడాడు, వారం పని పోయింది. మీకు ఉండేది ఒక్కటే కుట్టు. విప్పండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి సూది దూర్చండి, ఏమీ కాదు.

మియాపూర్ అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. పాలకొల్లు అక్కా, మీ అమ్మగారి వేలి సంగతి మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ సంచి ఎవరికి ఇచ్చావు, ఎంతకిచ్చావు అని అన్నీ అడిగారు. ఇంకో ఆర్డరు వస్తే ధర తనే మాట్లాడతానన్నారు.

చేతికి వారం విశ్రాంతి ఇచ్చాను, నొప్పి చాలావరకు తగ్గింది. పెన్నులా పట్టుకునేదాన్ని, ఇప్పుడు చాకులా పట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాను, వేగం సగానికి పడిపోయింది. శాలువా మాత్రం పూర్తి చేయను, దాని మీద ఇష్టం పోయింది, ఆ దారం విప్పి పెట్టుకుంటాను.

నిన్న రాత్రి బాబు పడుకున్నాక దుప్పటి బయటికి తీశాను. నేను విప్పుతుంటే అత్తయ్య ఎదురుగా కూర్చుని ఉండ చుట్టారు. 31 వరుసలు, ఆ కింద పాత నీలంలో ఇంకో 12. నాలుగు నెలలుగా భయపడ్డ పని ముప్పావు గంటలో అయిపోయింది. రెండు వరుసలు పాతది, రెండు వరుసలు కొత్తది చొప్పున ఎనిమిది వరుసలు అల్లాను. ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉంది, కానీ దాన్ని నేనిక నమ్మను. పొద్దున ఎండలో బాల్కనీలో పరిచి చూసి చెబుతాను.