ఆరు బ్యాక్‌లాగులున్న తమ్ముడికి అమెరికా కాలేజీలో ట్రాన్స్‌ఫర్ ఇస్తారా?

పలాస_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడు విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ, జేఎన్టీయూ-జీవీ కింద. రెండో ఏడు అయిపోయింది, ఆరు బ్యాక్‌లాగులు ఉన్నాయి, అందులో మేథ్స్‌వే రెండు. ఇంక ఇక్కడ చదవను, అమెరికా కాలేజీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాను అని కూర్చున్నాడు. విశాఖలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఈ రెండేళ్ళు బీటెక్ చదివినట్టు ఎక్కడా చూపించొద్దు, ఇంటర్ మార్కులతో కొత్తగా అప్లై చేసేద్దాం, గ్యాప్‌కి ఉద్యోగం చేసినట్టు సర్టిఫికెట్ మేమే తెస్తాం అన్నారంట, 30 వేలు అడ్వాన్సు కూడా తీసేసుకున్నారు. నాన్న జీడితోట తాకట్టు పెడతానంటున్నారు. 2018 తిత్లీ తుపానులో సగంపైన చెట్లు పోయిన తోట అది, మళ్ళీ వేసినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఇంత తక్కువ మార్కులకి అక్కడ సీటు ఇస్తారా అసలు? తెలిసినవాళ్ళు చెప్పండి.

చీపురుపల్లి_మాస్టారు:
ఇవ్వరమ్మా. ఇరవై ఏళ్ళ పైనుంచి ఇంజినీరింగ్ కాలేజీల్లో మేథ్స్ చెప్తున్నాను. ఇక్కడ ఎం-1, అదే మేథ్స్ మొదటి పేపరు, పాసవ్వని పిల్లాడు అక్కడ కేలిక్యులస్ ఎలా పాసవుతాడు, రెండూ ఒకటే లెక్కలు కదా. ఆరు సబ్జెక్టులు సప్లీ రాసి గట్టెక్కడానికి ఏడాది పట్టనీ, ఖర్చు వేలల్లోనే ఉంటుంది. బీటెక్ పూర్తి చేసి అప్పుడు కావాలంటే ఎమ్మెస్‌కి వెళ్ళమనండి. తోట జోలికి వెళ్ళొద్దు.

డల్లాస్_విజినారం:
మాస్టారూ, ఇవ్వరు అని అంత గట్టిగా ఎలా చెప్పేస్తారు? అక్కా, నాది విజయనగరం కంటోన్మెంట్, నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ చదువుండే స్థానిక కాలేజీలో, చదివే స్టేట్ యూనివర్సిటీకి వచ్చేను, నా మార్కులు కూడా మీ తమ్ముడివిలాగే ఉండేవి. పెద్ద యూనివర్సిటీకి నేరుగా ట్రాన్స్‌ఫర్ అంటే కష్టమే, వాళ్ళు ముందు కాలేజీ మార్కులే చూస్తారు, కాలిఫోర్నియాలో యూసీలకైతే (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి) ఆ రాష్ట్రం వాళ్ళు కానివాళ్ళకి 4కి కనీసం 2.8 జీపీఏ, అంటే సగటు గ్రేడు, ఉండాలి. కానీ కమ్యూనిటీ కాలేజీలు చాలావాటికి ఇంటర్ పాసై ఇంగ్లీషు స్కోరు ఉంటే చాలు. అక్కడ 60 క్రెడిట్లు, అంటే రెండేళ్ళు, మంచి గ్రేడ్లతో లాగిస్తే మిగతా రెండేళ్ళు యూనివర్సిటీలో. జీపీఏ సున్నా నుంచి మొదలవుద్ది, పాత మార్కులు అంటుకోవు. ఇంటర్ మార్కులతో కొత్తగా పెట్టమన్నారు కదా, అలా పెట్టినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

రాజాం_కుర్రోడు:
డుయోలింగో ఇంగ్లీషు టెస్టులో 100 వస్తే సరిపోద్దా అన్నా?

చీపురుపల్లి_మాస్టారు:
సున్నా నుంచి మొదలవుతుంది అనడం తప్పు. ట్రాన్స్‌ఫర్ అంటేనే పాతది మోసుకెళ్ళడం. ఇక్కడి మెమోలన్నీ పంపాలి, వెస్ లాంటి సంస్థతో సబ్జెక్టువారీగా మదింపు చేయించి తెమ్మంటారు, అందులో ఫెయిలైనవీ కనిపిస్తాయి. సున్నా ఎక్కడుంది?

డల్లాస్_విజినారం:
కనిపిస్తాయి మాస్టారూ, నేను కాదనలేదే. కనిపించడం వేరు కలపడం వేరు. చాలా కాలేజీలు పాత చోటినుంచి క్రెడిట్లు తీసుకుంటాయి గానీ గ్రేడ్లు తీసుకోవు, సీ గ్రేడుకి తక్కువొచ్చిన సబ్జెక్టుకి మామూలుగా క్రెడిటే ఇవ్వరు. కొత్త కాలేజీ జీపీఏలో పాతది కలవదు. అదే నేనన్నది.

చీపురుపల్లి_మాస్టారు:
సీటిచ్చేటప్పుడు చూస్తారా చూడరా? అది చెప్పండి ముందు. రెండేళ్ళ తర్వాత యూనివర్సిటీకి అప్లై చేసినప్పుడు మళ్ళీ ఈ మెమోలు అడుగుతారా అడగరా? అడిగేదాన్ని పట్టుకుని సున్నా అంటే ఊళ్ళో తల్లిదండ్రులకి ఏం అర్థమవుతుంది, మచ్చ చెరిగిపోయింది అనుకుంటారు.

సాలూరు_పిల్ల:
మధ్యలో ఒక డౌట్. బీటెక్ 160 క్రెడిట్లు, అక్కడ డిగ్రీ 120 అంటారు కదా. 80 అయిపోతే ఇంక 40 చాలా?

డల్లాస్_విజినారం:
చాలవు చెల్లీ. వాళ్ళ సబ్జెక్టుతో సరిపోయినవే తీసుకుంటారు. మన ఇంజినీరింగ్ డ్రాయింగు, వర్క్‌షాపు లాంటివి ఎక్కడ పెట్టాలో వాళ్ళకే తెలీదు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ బ్యాచిలర్ డిగ్రీకైనా 42 క్రెడిట్ గంటల కోర్, అంటే అందరూ చదవాల్సిన సబ్జెక్టులు, ఉంటుంది, అందులో అమెరికా హిస్టరీ 6, గవర్నమెంటు 6 తప్పవు, అవి జేఎన్టీయూలో ఎవరు చెప్తారు. పైగా చివరి కొన్ని క్రెడిట్లు, చాలాచోట్ల 30, డిగ్రీ ఇచ్చే కాలేజీలోనే చెయ్యాలి.

సిక్కోలు_వదిన:
నేను ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులోనే పనిచేస్తాను కాబట్టి ఒకటి చెప్తాను, మీరిద్దరూ సున్నా దగ్గరే కొట్టుకుంటున్నారు, అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అప్లికేషన్‌లో ఇంటర్ తర్వాత చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయమని ఉంటుంది, పాసైనా ఫెయిలైనా, మధ్యలో మానేసినా. కింద అంతా నిజమేనని సంతకం. దాచినట్టు తర్వాత తెలిస్తే మూడో ఏడైనా సరే తీసేయొచ్చు. వీసా ఫారం డీఎస్-160లో కూడా ఎక్కడెక్కడ చదివేరని అడుగుతారు. అక్కడ కావాలని అబద్ధం రాసినట్టు తేలిందా, తిరిగొస్తాడన్న నమ్మకం లేదని ఇచ్చే మామూలు 214(బి) రిజెక్షన్‌లాగా మళ్ళీ స్లాటు బుక్ చేసుకునేది కాదు, జీవితాంతం అమెరికాలో అడుగుపెట్టకుండా అనర్హత పడుతుంది. ఆ దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టూ అంతే. డల్లాస్ తమ్ముడూ, బోలెడుమంది అలా పెట్టేరు అని రాసేవు చూడు, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకో. ఆరు ఫెయిళ్ళు చూపించి సీటు తెచ్చుకున్నవాళ్ళని నేను చూసేను. దాచి నిలబడ్డవాడు మాత్రం రోజూ భయపడుతూ బతకాలి.

డల్లాస్_విజినారం:
సరే వదినా, అది తప్పే, ఒప్పుకుంటున్నాను. నేను నా మెమోలు అన్నీ ఇచ్చేను. కొత్తగా పెట్టడం అంటే క్రెడిట్లు అడగకుండా మొదటి ఏడు నుంచి చేరడం అని నా ఉద్దేశం, దాచమని కాదు.

గజపతినగరం_నాన్న:
నేను పెద్దగా చదువుకోలేదు బాబూ. మా వాడినీ ఇలాగే పంపేం. కన్సల్టెన్సీవాడు అక్కడ పార్ట్‌టైం చేసుకుంటే ఫీజు అదే వచ్చేస్తుంది అన్నాడు. క్యాంపస్‌లోనే చెయ్యాలనీ, చదువు నడిచేటప్పుడు వారానికి 20 గంటలేననీ, మొదటి ఏడు బయట పని చెయ్యకూడదనీ వెళ్ళేకగానీ తెలీదు. వీడు రాత్రిళ్ళు పెట్రోలు బంకులో చేసేడు, పగలు క్లాసులో నిద్ర. సబ్జెక్టులు పోతున్నాయని రెండు వదిలేసేడు, సెమిస్టర్‌కి 12 క్రెడిట్ల కంటే తగ్గితే స్టూడెంట్ వీసా స్టేటస్ పోతుందని వాడికెవరూ చెప్పలేదు. వచ్చేసేడు. ఎకరన్నర పల్లం పోయింది. వాడిప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

చీపురుపల్లి_మాస్టారు:
చూసేరా? ఇదే నేను మొత్తుకునేది. ఐ-20, అదే వీసాకోసం కాలేజీ ఇచ్చే పత్రం, కావాలంటేనే మొదటి ఏడాది ఫీజు, తిండి, ఇల్లు కలిపి డబ్బు చూపించాలి, కమ్యూనిటీ కాలేజీ చవక అన్నా పాతిక లక్షలు అటూ ఇటూ. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకి బ్యాంకు ఆస్తి కాగితాలు అడుగుతుంది. చదవలేని పిల్లాడి మీద అంత పెట్టమని చెప్పే మీలాంటివాళ్ళకి ఇక్కడి రైతు ఇల్లు ఎలా కూలుతుందో కనిపించదు.

డల్లాస్_విజినారం:
చదవలేని పిల్లాడు. ఆ మాట కోసమే చూస్తున్నాను మాస్టారూ. నన్ను కూడా మీలాంటి ఒక మాస్టారే అరవై మంది ముందు నిలబెట్టి నువ్వు మీ నాన్న చేలో పనికి కూడా పనికిరావు అన్నారు. ఇంటర్నల్స్‌లో పది మార్కులు వేసి చేతులు దులుపుకున్నారు. ఇక్కడ కాలేజ్ ఆల్జీబ్రా నుంచి మళ్ళీ మొదలెట్టించేరు, ఆఫీస్ అవర్స్‌లో ప్రొఫెసర్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేరు, రెండో కేలిక్యులస్‌లో నాకు ఏ వచ్చింది. వాడికి లెక్కలు రావో, వాడికి ఎవరూ చెప్పలేదో మీకెలా తెలుసు?

చీపురుపల్లి_మాస్టారు:
నేను ఏ పిల్లాడినీ అలా అనలేదు బాబూ. అలా అన్నాయన తప్పు చేసేడు. కానీ నాకూ ఒక మేనల్లుడు ఉన్నాడు, వాడి చదువు అప్పుకి హామీ సంతకం పెట్టింది నేను. ఇప్పటికీ నా జీతంలోంచి వాయిదా కోస్తున్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

రాజాం_కుర్రోడు:
డుయోలింగో సంగతి ఎవరూ చెప్పలేదు...

పలాస_అక్క:
అందరివీ చదివేను. ఒకటి చెప్పలేదు నేను, ఇప్పుడు చెప్తున్నాను. నాది ఈసీఈ, 8.6తో పాసయ్యేను, ఒక్క బ్యాక్‌లాగ్ లేదు. ఎమ్మెస్‌కి రెండు యూనివర్సిటీలనుంచి ఐ-20 కూడా వచ్చింది. నాన్న తోట కాగితాలు ముట్టుకోనివ్వలేదు, అది తమ్ముడికి ఉండాలి, నీకు పెళ్ళి ఉంది కదా అన్నారు. నేను ఏడుస్తూ ఊరుకున్నాను, శ్రీకాకుళంలో స్కూల్లో చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆ కాగితాలే వాడికోసం తీస్తున్నారు. మార్కులు తక్కువైతే సీటిస్తారా అని నేనడిగింది, నిజానికి ఇవ్వరు అని ఎవరైనా చెప్తే బాగుండు అనుకునే అడిగేను. మాస్టారి మొదటి మాట చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. తర్వాత గజపతినగరం బాబాయి రాసింది చదివి సిగ్గేసింది. వాడు నా తమ్ముడే.

సిక్కోలు_వదిన:
సిగ్గెందుకమ్మా. నీకు జరిగింది అన్యాయం. వాడికి సీటొస్తుందా రాదా అన్నదాంతో నీ అన్యాయం తీరదు. తోట గురించి మీ నాన్నతో నువ్వే కూర్చుని మాట్లాడాలి, వాడి అప్లికేషన్ అడ్డం పెట్టుకుని కాదు.

చీపురుపల్లి_మాస్టారు:
నేను పిల్లాడి మార్కులు చూసేను, నీ మార్కులు అడగలేదు తల్లీ. నా లెక్క ఇప్పటికీ అదే, వాడు ముందు సప్లీలు రాయాలి. రేపు ఎక్కడికి వెళ్ళినా వాడు క్రెడిట్ అడగగలిగేది పాసైన సబ్జెక్టుకే, ఫెయిలైనదానికి కాదు. మేథ్స్ రెండూ నేను చెప్తాను, ఆదివారాలు చీపురుపల్లి పంపించు, డబ్బులేమీ వద్దు.

డల్లాస్_విజినారం:
మాస్టారూ, ఆ చెప్పేదేదో కాలేజీలో చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు అని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆదివారాలు మంచి మాట. అక్కా, సప్లీలు రాశాక కూడా వాడు వస్తానంటే మెమోలన్నీ తీసుకుని నాకు రాయమను, ఏ కాలేజీ ఏం తీసుకుంటుందో కూర్చుని చూస్తాను. కన్సల్టెన్సీ దగ్గర ఏమీ సంతకం పెట్టొద్దు.

పలాస_అక్క:
30 వేలు అడగడానికి సోమవారం నేనే వెళ్తున్నాను. మాస్టారూ, తమ్ముడు మందస నుంచి రావాలి, పొద్దున్న పాసింజర్‌కి వస్తే పదిన్నర అవుతుంది, పర్లేదా?