అప్‌డేట్: ఎడమకి లాగే బండి సంగతి తేలింది

రెండు నెలల క్రితం అడిగాను కదా, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2016 డీజిల్ కారు ఎడమకి లాగుతోంది, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తోంది, మోసపోయానా అని. లేదండీ, మోసపోలేదు.

వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయడం) రెండుసార్లు చేయించినా లాగుడు పోలేదు. మా వీధి చివర టైర్ల షాపు పెద్దాయన ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి, "ఇప్పుడు తోలి చూడు బాబూ" అన్నాడు. బండి కుడికి లాగింది! అంటే తేడా టైర్లోనే. దాని పక్కగోడ మీద 1816 అని ఉంది, అంటే 2016లో 18వ వారంలో తయారైంది. బండితో పాటు వచ్చిన టైర్లే ఇన్నేళ్లూ తిరిగాయన్నమాట. భయమేసి నాలుగూ మార్పించేశాను. ఇప్పుడు హైవే మీద నూలు పట్టినట్టు తిన్నగా పోతోంది.

స్టార్టింగ్ సంగతి ఇంకా తేలిక. తాళం తిప్పగానే మీటర్లో పసుపురంగు స్ప్రింగు గుర్తు వెలుగుతుంది, గ్లో ప్లగ్‌లు (డీజిల్ ఇంజిన్ స్టార్ట్ అవడానికి ముందు లోపల వేడి పుట్టించేవి) వేడెక్కుతున్నాయని. అది ఆరకముందే సెల్ఫ్ కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఆగుతున్నా, ఒక్క దెబ్బకే అందుకుంటోంది.

క్లచ్ మాత్రం పెడల్ బాగా పైకొచ్చాక గానీ పట్టట్లేదు. క్లచ్ ప్లేటు అరిగిందట, దసరా అయ్యాక మార్పిస్తా. టైర్ల తేదీ చూడమన్న అన్నయ్యకి చాలా థాంక్స్.