మ్యూల్ ఖాతాల వేట మెషీన్ లెర్నింగ్‌కి అప్పగించవచ్చా?

డేటా_సీత: మోసం చేసి లాగిన సొమ్మును చేతులు మార్చడానికి అద్దెకిచ్చే ఖాతాలనే మ్యూల్ ఖాతాలంటారు. వాటిని పట్టడానికి ఆర్‌బీఐ ఇన్నొవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్.ఏఐ’ తయారుచేసింది. 2024 డిసెంబరు ద్రవ్య విధాన ప్రకటనలో అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ దీని మీద కలిసి పనిచేయమని బ్యాంకులను కోరారు. ఇది ఎప్పుడో రావాల్సిందని నా అభిప్రాయం. పాత పద్ధతిలో ఇంత మొత్తం దాటితే అలర్ట్ అని రూల్ పెడతారు. దొంగ ఆ గీత కిందే తిరుగుతాడు. గీత యాభై వేల దగ్గరుంటే నలభై తొమ్మిది వేలే కడతాడు. మెషీన్ లెర్నింగ్ మోడల్ అలా కాదు, పాత లావాదేవీల నుంచి నేర్చుకుని డబ్బు నడకను చూస్తుంది. నెలలుగా కదలని ఖాతాలోకి ఒక్క రోజే పది ఊళ్ల నుంచి డబ్బు పడటం, వెంటనే బయటికి పోవడం, ఒకే ఫోన్ నుంచి ఐదారు ఖాతాలు నడవడం లాంటివన్నీ కలిపి చూస్తుంది. మీరేమంటారు?

గుంటూరు_మిర్చి: మేడం, మీరు చెప్పిన నడక అచ్చంగా నాదే. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముడయ్యాక బయటి రాష్ట్రాల పార్టీలు డబ్బు వేస్తాయి. తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ప్రకారం రైతులకు పంపేస్తాం. ఖాతాలో మిగిలేది మా కమీషనే. సీజన్ అయ్యాక ఆ ఖాతాలో కదలికే ఉండదు. మొన్న మార్చిలో హోల్డ్ పెట్టి ఖాతా ఆపేశారు. రైతులు వచ్చి దుకాణం ముందు కూర్చున్నారు. బ్యాంకుకి వెళ్తే ‘సిస్టమ్ పెట్టింది’ అంటారు. ఎందుకో చెప్పరు.

కంప్లయన్స్_కృష్ణ: అది మోడల్ పని కాదండీ. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎవరో ఫిర్యాదు చేసి ఉంటారు, సైబర్ పోలీసులు ఆపమని ఉంటారు. ఇప్పుడు ఇలాంటివే ఎక్కువ.

గుంటూరు_మిర్చి: పోలీసులను అడిగాను సార్. నా మీద ఏ ఫిర్యాదూ లేదన్నారు.

బెజవాడ_బుజ్జి: పది లక్షలు దాటితే రిపోర్ట్ వెళ్తుంది అన్నా. తగ్గించి పంపించుకోవాల్సింది.

కంప్లయన్స్_కృష్ణ: బుజ్జి గారూ, పది లక్షల రిపోర్ట్ నగదుకే. ఆయనవి బ్యాంకు బదిలీలు. విడగొట్టి పంపమని మాత్రం ఎవరికీ చెప్పకండి, అనుమానం మొదలయ్యేదే అక్కడ.

బెజవాడ_బుజ్జి: మా బావకి మేనేజరే చెప్పాడు పది లక్షలని.

కంప్లయన్స్_కృష్ణ: నగదుకి. మళ్లీ చెబుతున్నా, నగదుకే.

నల్గొండ_నాని: మా వీధిలో ఒక డిగ్రీ కుర్రాడు నాలుగు వేలకి ఆశపడి ఖాతా, సిమ్ ఎవరికో ఇచ్చాడు. ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. మెషీన్ ముందే ఆపి ఉంటే బాగుండేది.

డేటా_సీత: నేనూ అదే అంటున్నా. రూల్స్‌తో వచ్చే అలర్ట్‌లలో చాలావరకు వట్టివే. మంచి మోడల్ వాటిని తగ్గిస్తుంది.

కంప్లయన్స్_కృష్ణ: సీత గారూ, ఆ మోడల్‌కి నేర్పేది దేనితో? బ్యాంకుల్లో మేం అనుమానంతో పంపిన పాత ఎస్‌టీఆర్‌లతో, అంటే అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులతో. అవి కేంద్రం ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూకి వెళ్తాయి. వాటిలో ఎన్ని నిజంగా నేరాలని తేలాయో మాకు పెద్దగా తెలియదు. అంటే మా అనుమానాలనే మోడల్ బట్టీ పడుతుంది. డెన్మార్క్‌కి చెందిన డాన్స్కే బ్యాంకు సంగతి చూడండి. 2007 నుంచి 2015 దాకా దాని ఎస్టోనియా శాఖ గుండా దాదాపు 20,000 కోట్ల యూరోలు వెళ్లాయి, అందులో చాలా భాగం అనుమానాస్పదమే. 2013 చివర్లోనే లోపలి ఉద్యోగి ఒకాయన హెచ్చరించాడు. పైవాళ్లు సకాలంలో కదల్లేదు. అక్కడ లోటు మోడల్‌ది కాదు.

గుంటూరు_మిర్చి: ఎస్టోనియా సంగతి తర్వాత. నా ఖాతా ఎందుకు ఆగిందో చెప్పరేం?

కంప్లయన్స్_కృష్ణ: చెప్పకూడదు. ఎస్‌టీఆర్ పంపిన విషయం ఖాతాదారుకి తెలియకూడదని మనీలాండరింగ్ నిరోధక నిబంధనలే చెబుతున్నాయి. చెబితే దొంగ సర్దుకుంటాడు.

డేటా_సీత: ఆగండి. కేవలం ఎస్‌టీఆర్ పంపామన్న కారణంతో ఖాతా లావాదేవీలపై ఆంక్షలు పెట్టకూడదని ఆర్‌బీఐ కేవైసీ మార్గదర్శకాల్లోనే ఉంది. మరి ఈయన ఖాతా ఏ కారణంతో ఆపారు?

కంప్లయన్స్_కృష్ణ: ఆ ఫైలు నేను చూడలేదు.

గుంటూరు_మిర్చి: ఎవరూ చూడలేదు సార్, అదే నా బాధ! నలుగురు ఆఫీసర్ల దగ్గరికి పంపారు. నలుగురూ కంప్యూటర్ వైపు చూపించారు. కష్టం చేసిన రైతు డబ్బు అది. పురుగుమందుల అప్పు కట్టాలి, కూలీలకి ఇవ్వాలి. మీకు అది మెషీన్ ఇచ్చే అనుమానపు స్కోరు.

కంప్లయన్స్_కృష్ణ: నోరు జాగ్రత్త. రాత్రి తొమ్మిది దాకా అలర్ట్‌లు చూసేది మేమే. ఒక పెన్షనర్ డబ్బు పోయిన రోజు ఆయన ఫోన్ ఎత్తింది నేను. అరగంట ఆలస్యమైతే ఆ సొమ్ము ఏడెనిమిది ఖాతాలు దాటేస్తుంది.

మోడరేటర్: ఇద్దరూ వ్యక్తిగత మాటలు వద్దు.

డేటా_సీత: కృష్ణ గారూ, సూటిగా అడుగుతా. మోడల్ ఎక్కువ స్కోరు ఇచ్చింది, మీకు మాత్రం అది మిర్చి వ్యాపారమే అనిపించింది. హోల్డ్ తీసేస్తారా?

కంప్లయన్స్_కృష్ణ: తియ్యను. తీశాక అది మ్యూల్ అని తేలితే ఆడిట్‌లో నా పేరు వస్తుంది. తియ్యకపోతే నన్ను అడిగేవాడు లేడు. మెషీన్ రాకముందు ఒప్పైనా తప్పైనా నా సంతకం మీద నడిచేది. ఇప్పుడు స్కోరుకి ఎదురు రాయాలంటే ఏ ఆఫీసరుకైనా భయమే.

గుంటూరు_మిర్చి: ఇంతసేపూ నేను అడుగుతున్నది ఇదే కదా సార్. మెషీన్ ఆపనీ, నాకు కోపం లేదు. ఆ రోజే ఒక మనిషి చూసి, పేరు పెట్టి, తియ్యడమో ఉంచడమో రాయాలి.

డేటా_సీత: 2023 మార్చిలో, మన తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే, అప్పు ఖాతాను ఫ్రాడ్ అని ముద్ర వేసేముందు ఖాతాదారు మాట వినాలని సుప్రీంకోర్టు చెప్పింది. హోల్డ్‌కి ముందు వినడం కుదరదు, ఒప్పుకుంటా. తర్వాతైనా వినాలి.

కంప్లయన్స్_కృష్ణ: వింటాం సరే, స్కోరుకి ఎదురు రాసిన ఆఫీసరు వెనక బ్యాంకు నిలబడుతుందా? అది రాతపూర్వకంగా ఇవ్వమనండి, రేపే రాస్తా. మిర్చి గారూ, మీ కేవైసీలో వృత్తి ఏమని ఉంది?

గుంటూరు_మిర్చి: ‘వ్యాపారం’. మార్కెట్ కమిటీ లైసెన్సు కాపీ కూడా ఇచ్చాను. బ్రాంచిలో ఫైల్లో ఉంది.

డేటా_సీత: కాగితం ఫైల్లో ఉంటే మోడల్‌కి కనబడదు కదండీ. దాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించే పని ఎవరిది?

కంప్లయన్స్_కృష్ణ: బ్రాంచిది.

గుంటూరు_మిర్చి: బ్రాంచిలో మీదని చెప్పారు సార్.