‘ఉభయచర దాడి నౌక’ అనే మాట సరైనదేనా?

మాస్టారూ, సైనికుల్ని ఒడ్డుకు చేర్చే ఓడని నిన్న మీరు ‘ఉభయచర దాడి నౌక’ అని రాశారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఉభయచరం అంటే మనకు కప్ప. నీళ్లలో ఈదుతుంది, గట్టు మీద గెంతుతుంది. ఈ ఓడ గట్టెక్కదు కదా! విశాఖలో ఉండే జలాశ్వ కూడా సేనల్ని ఒడ్డుకు చేర్చే ఓడే, 2007లో మన నేవీలో చేరింది. దాని వెనక భాగంలోకి నీళ్లు వదిలితే లోపలి పడవలు సైనికులతో, బళ్లతో తేలుతూ బయటికొచ్చి ఒడ్డుకు పోతాయి. ఓడ మాత్రం సముద్రంలోనే ఉంటుంది. అందుకే ‘దింపుడు ఓడ’ అందామని నా మనవి.

అమెరికా వాళ్ల ట్రిపోలీ అనే ఇలాంటి ఓడనే చూస్తే ఈ చిక్కు ఇంకా తెలుస్తుంది. అందులో పడవల గదే లేదు. ఆ చోటంతా విమానాలకి, వాటి ఇంధనానికి ఇచ్చేశారు. 2022లో 20 ఎఫ్-35బి యుద్ధ విమానాలు ఎక్కించి, విమాన వాహక నౌకలా వాడి చూశారు. ఆ విమానాలు కొద్ది దూరం పరిగెత్తి లేస్తాయి, నిలువునా దిగుతాయి. మిగతా రోజుల్లో అదే ఓడ సైనికుల్ని హెలికాప్టర్లలో ఒడ్డుకు దించుతుంది. పడవైనా హెలికాప్టరైనా, జరిగేది దించడమే.

అలాంటి ఓడని మీరు ‘తేలికపాటి వాహక నౌక’ అనడం కూడా నాకు మింగుడుపడలేదు. ట్రిపోలీ సుమారు 45 వేల టన్నులు, మన కొత్త విమాన వాహక నౌక విక్రాంత్ దాదాపు అంతే. అమెరికా వాళ్ల లక్ష టన్నుల వాహక నౌక నిమిట్జ్ పక్కన నిలబెట్టి అన్న మాట అది. ‘చిన్న’ అంటే చాలు.

మాస్టారి జవాబు:
బాబూ, ‘దింపుడు’ అనగానే ఊళ్లో ఎవరికైనా దింపుడు కళ్లం గుర్తొస్తుంది. పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలిచే చోటు. సైనికులు ఎక్కే ఓడకి ఆ మాట వద్దు.

నిజమే మాస్టారూ, నాకు తట్టలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మా కళింగపట్నంలో తెల్లారకముందే పదిమంది భుజాలు ఆనించి, ఇసక మీంచి బోటుని నీళ్లలోకి తోస్తారు. దాన్నీ దించడమే అంటారు. అక్కడ దించేది సముద్రంలోకి, ఇక్కడ దించేది ఒడ్డుకి. కాబట్టి ‘ఒడ్డు’ అన్న మాట వదలకూడదు. ‘ఒడ్డుకు దించే ఓడ’ అందాం.

ఈ ఉదయం రేవులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర ‘ఉభయచర నౌక’ అన్నాను. ‘ఏటది?’ అన్నారు. ‘సైనికుల్ని ఒడ్డుకు దించే ఓడ’ అంటే, వల మీంచి తల ఎత్తకుండానే ‘అలాగ సెప్పు’ అన్నారు.