ఇంట్లో అందరూ కలిసి చూడదగ్గ, అంతగా పేరు రాని యానిమేషన్ సినిమాలు చెప్తారా?

కావలి కోడలు:

అందరికీ నమస్తే. మాది కావలి. పాపకి పదేళ్లు, బాబుకి అయిదేళ్లు. సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని ఒక సినిమా చూడాలని నా కోరిక. లయన్ కింగ్, ఫ్రోజెన్, కుంగ్ ఫూ పాండా పిల్లలకి కంఠతా వచ్చేశాయి. మహావతార్ నరసింహ హాల్లో చూశాం. అది చూసొచ్చి మా అత్తమ్మ పెంచలకోన నరసింహస్వామి గుడికి తీసుకెళ్లమన్నారు, వెళ్లాం కూడా. ఆవిడ చివరిదాకా కూర్చుని చూసిన బొమ్మల సినిమా అదొక్కటే. ఇంకేది పెట్టినా పది నిమిషాలకి లేచిపోతారు. "వాళ్లేమంటున్నారో నాకేం తెలుసమ్మా" అంటారు. ఆవిడది ఉదయగిరి పక్క పల్లె. ఇంగ్లీషు రాదు, కింద తెలుగు అక్షరాలు పడినా అంత వేగంగా చదవలేరు. ఆవిడ లోపల ఒక్కరే కూర్చుంటే మాకిక్కడ సినిమా చూడబుద్ధి కాదు. పిల్లలకీ ఆవిడకీ ఒకేసారి నచ్చేవి ఏమైనా ఉన్నాయా? అందరూ చెప్పే పేర్లు కాకుండా చెప్పండి. మరీ ఏడిపించేవి వద్దు.

కోవూరు వాసి:

అక్కా, మీ అత్తమ్మ గారికి అడ్డమొస్తున్నది మాటలే కదా. అయితే అసలు మాటలే లేని సినిమాలతో మొదలుపెట్టండి. మా అమ్మకి వినికిడి తగ్గాక నేను వెతుక్కున్న దారి ఇది. ఇలాంటివి ఇన్ని ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు.

ముందు షాన్ ద షీప్ మూవీ పెట్టండి. 2015లో వచ్చింది. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్లో ఆర్డ్‌మన్ స్టూడియో వాళ్లు తీశారు. మట్టిలాంటి ముద్దతో బొమ్మలు చేసి, వాటిని రవ్వంత కదిపి ఒక ఫోటో, మళ్లీ రవ్వంత కదిపి ఒక ఫోటో తీస్తారు. రోజంతా కష్టపడితే ఒక్కో మనిషి చేతికొచ్చేది కొన్ని సెకన్ల సినిమా. కథకొస్తే, ఒక పొలంలో గొర్రెలకి రోజూ అదే పని చేసి విసుగొస్తుంది. ఒక్కరోజు సెలవు కోసం యజమానిని నిద్రపుచ్చుతాయి. అది కాస్తా తిరగబడి ఆయన పట్నంలో పడతాడు, తలకి దెబ్బ తగిలి గతం మర్చిపోతాడు. గొర్రెలన్నీ బస్సెక్కి ఆయన్ని వెతకడానికి బయల్దేరతాయి. ఆయనకి తన పేరు కూడా గుర్తుండదు కానీ, గొర్రె బొచ్చు కత్తిరించిన చేతి అలవాటు మాత్రం పోదు. సెలూన్‌లో దూరి ఒకాయనకి గొర్రెకి చేసినట్టే కటింగ్ చేస్తే, పట్నమంతా దానికోసం ఎగబడుతుంది! మనుషులు గొణుగుతారే తప్ప సినిమా మొత్తంలో అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు. మీ బాబుకీ అత్తమ్మకీ ఒకే చోట నవ్వొస్తుంది. దీనికి రెండో భాగం 2019లో వచ్చింది. మొదటిదే బాగుంటుంది.

తర్వాత ఫ్లో. ఇది నాకు ప్రాణం. 2024లో లాత్వియా అనే చిన్న దేశం నుంచి వచ్చింది, దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్. బ్లెండర్ అని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోగల సాఫ్ట్‌వేర్‌తో చేశారు. 2025లో పెద్ద స్టూడియోల సినిమాలతో పోటీపడి ఆస్కార్ గెలిచింది. అంత జరిగినా మన పక్క దాని పేరు తెలిసినవాళ్లు నాకు తగల్లేదు, అదే నా బాధ. ఒక పిల్లి. లోకమంతా వరద. ఒక పడవ. అందులోకి కాపిబారా అనే లావుపాటి జంతువు, కోతిలాంటి లెమూర్, కుక్క, పొడుగుకాళ్ల తెల్ల పక్షి ఒక్కోటీ వచ్చి చేరతాయి. మనిషన్నవాడు కనపడడు. జంతువులు పాటలు పాడవు, జోకులు వేయవు. పిల్లి పిల్లిలాగే భయపడుతుంది, పిల్లిలాగే మొండికేస్తుంది.

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు మేం ఇక్కడే ఉన్నాం. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. ఆ నీళ్లు చూసినవాళ్లకి ఈ సినిమాలో వరద వచ్చే తీరు అబద్ధంగా అనిపించదు. ముందు జింకలు పరిగెడతాయి, వెనక నీళ్లు వస్తాయి. మావాడు మధ్యలో సినిమా ఆపించి, "వరదప్పుడు మన వీధి కుక్కలు ఎక్కడున్నాయి నాయనమ్మా" అని అడిగాడు. అమ్మ ఇక మొదలుపెట్టింది. మిద్దె మీదికి తోలిన దూడలు, గోడెక్కి కూర్చున్న కోళ్లు, వాటికి ఎవరు తిండి పెట్టారు, అన్నీ చెప్పింది. సినిమా చాలాసేపు ఆగిపోయింది. ఆగనీ అనుకున్నాను. ఇంట్లో అందరం కలిసి చూడాలనుకునేది అందుకే కదా.

రెడ్ టర్టిల్ (2016), రోబోట్ డ్రీమ్స్ (2023) కూడా మాటల్లేనివే. రెండూ గొప్పవి కానీ చివర్లో మనసు బరువెక్కుతుంది. బాబు ఇంకొంచెం పెద్దయ్యాక చూడండి.

ఒంగోలు మాస్టారు:

కోవూరు తమ్ముడు చెప్పినవి మంచివే. అలాగని మాటలున్నవి వదిలేయకండమ్మా. పాపకి పదేళ్లన్నారు కదా, నాయనమ్మ పక్కన కూర్చోబెట్టి కథ తెలుగులో చెప్పే పని తనకి అప్పగించండి. నేను బడిలో చేసేది అదే. చెప్పాల్సి వచ్చిన పిల్ల మిగతావాళ్లకన్నా శ్రద్ధగా చూస్తుంది.

దానికి తగ్గది మై నైబర్ టొటొరొ. జపాన్‌లో 1988లో మియాజాకి తీశారు. విలన్ లేడు, కొట్లాట లేదు. అమ్మ ఆసుపత్రిలో ఉంటే, అక్కాచెల్లెళ్లిద్దరూ నాన్నతో పల్లెటూళ్లో పాత ఇంటికి వస్తారు. పక్కింటి అవ్వ తోటలో కూరగాయలు కోసి పెడుతుంది. ఆ అవ్వని చూస్తే మీ అత్తమ్మకి తన ఊరే గుర్తొస్తుంది. చిన్నపిల్ల మొక్కజొన్న పొత్తు పట్టుకుని అమ్మ కోసం ఒంటరిగా బయల్దేరే చోట మాత్రం అందరికీ టెన్షన్ పుడుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదే స్టూడియో వాళ్లది గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్ అని ఇంకొకటి ఉంది. జపాన్‌లో రెండింటినీ ఒకే ఆటగా కలిపి విడుదల చేశారు. బొమ్మల సినిమానే కదా అని అది చిన్నపిల్లలకి పెట్టొద్దు. అది యుద్ధంలో ఆకలి కథ.

పాప కోసం ద ఐరన్ జెయింట్ (1999) చెప్తాను. దర్శకుడిగా బ్రాడ్ బర్డ్ మొదటి సినిమా, హాళ్లలో పెట్టుబడి కూడా తేలేదు. ఆకాశం నుంచి పడిన పెద్ద ఇనప మనిషికీ ఒక పిల్లాడికీ స్నేహం. ఆయుధంగా తయారైనవాడు తాను ఆయుధంగా ఉండనంటాడు. అంత పెద్ద మాట పిల్లలకి అందేలా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ఇంకొకటి, అత్తమ్మ గారి కోసం. జపాన్, మన దేశం కలిసి చేసిన రామాయణం, యుగో సాకో పూనుకుని తీయించింది, 1993లో మొదట చూపించారు. అంతా చేత్తో గీసిన బొమ్మలు. 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో హాళ్లకి వచ్చింది. మన దగ్గర ఎక్కువమంది చూసుకోలేదు.

మైపాడు పక్క నుంచి:

సాంగ్ ఆఫ్ ద సీ (2014) ఎవరూ చెప్పలేదే! ఐర్లాండ్ వాళ్లది. సముద్రం ఒడ్డున దీపస్తంభంలో ఒక తండ్రి, కొడుకు, మాటలు రాని చిన్నకూతురు ఉంటారు. ఆ పాప నీళ్లలో సీల్ అనే సముద్రపు జంతువుగా మారుతుంది. అమ్మ లేని ఇల్లు కాబట్టి కొంచెం కన్నీళ్లుంటాయి అక్కా, కానీ ప్రతి ఫ్రేమూ గోడకి తగిలించుకోవచ్చు. నవ్వులు కావాలంటే క్లౌస్ (2019), నెట్‌ఫ్లిక్స్ వాళ్లది. సోమరి పోస్ట్‌మ్యాన్ కథ.

కావలి కోడలు:

అందరికీ చాలా థాంక్స్. షాన్ పెట్టాం. అత్తమ్మ చివరిదాకా ఉన్నారు! వాళ్ల నాన్నగారికి గొర్రెల మంద ఉండేదట, నాకే ఇన్నాళ్లూ తెలియదు. "వీటికి ఇంత బొచ్చేంది, మనవాటికి ఉండదే" అని మొదలుపెట్టి, పల్ల అంటే తెల్లది, జోడిపి అంటే మొహం మీద నల్ల మచ్చలున్నది, దొర అంటే ఎర్రది అని పిల్లలకి చెప్పుకొచ్చారు. పాప అన్నీ పుస్తకంలో రాసుకుంది. ఇక ఫ్లో పెడదామనుకుంటున్నా. తమ్ముడూ, పిల్లికి ఏమైనా అవుతుందా? బాబు తట్టుకోలేడు, ముందే చెప్పు.

ఒంగోలు మాస్టారు:

అత్తమ్మ గారు చెప్పింది నిజమే. మీ వైపు పెంచే నెల్లూరు గొర్రె ఉన్ని జాతి కాదు, మాంసం కోసం పెంచేది. దేశంలో ఉన్న గొర్రెల్లో అన్నిటికన్నా ఎత్తైన జాతి అదే. ఇది కూడా పాపని రాసుకోమనండి.

కోవూరు వాసి:

పిల్లి బతుకుతుంది అక్కా, టెన్షన్ వద్దు. కుక్క, లెమూర్, కాపిబారా కూడా. తెల్ల పక్షి సంగతి మాత్రం బాబు అడుగుతాడు. దానికి సినిమాలోనే సూటి జవాబు లేదు, మీకు తోచింది చెప్పండి. చివర్లో తిమింగలం లాంటి పెద్ద జంతువు నీళ్లు తీసేశాక నేల మీద చిక్కుకుంటుంది. అక్కడ ఏడుస్తాడేమో. పేర్లు పడుతున్నాయని టీవీ కట్టేయకండి. అవన్నీ అయ్యాక ఇంకో చిన్న ముక్క ఉంది, అది బాబుకి తప్పకుండా చూపించాలి.